మృగశిరకు సర్దే సంచి

మా పెద్దమ్మ పోయింది. మృగశిర కార్తె వచ్చిన ఐదో రోజు పొద్దున టీ నీళ్ళు పొయ్యి మీద పెట్టి, తలుపు దగ్గర గాలికి కూర్చుని, మళ్ళీ లేవలేదట. నేను ఆదోనిలో పరీక్ష రాసి బయటికి వచ్చి ఫోన్ తీశాను. వాళ్ళబ్బాయి, నాకు అన్న, అప్పటికే చాలాసార్లు చేసి ఉన్నాడు. "పాపా, అమ్మ లేదు. బస్సెక్కు," అన్నాడు, అంతే. ఎమ్మిగనూరు చేరేదాకా నా మనసులో ఒకటే మాట తిరిగింది. పోయిన ఆదివారం రమ్మన్నది. వచ్చే ఆదివారం వస్తానన్నాను.

ఎందుకు రమ్మన్నదో చెప్పాలంటే మీకు ఒక సంచి గురించి చెప్పాలి.

పెద్దమ్మ, పెద్దనాయన నేతపనివాళ్ళు. నేను ఇంకా పాకే వయసులో ఉన్నప్పుడు వాళ్ళు తుంగభద్ర ఒడ్డున ఒక ఊళ్ళో ఉండేవాళ్ళు. ఒకరోజు పొద్దున్నే ఏరు ఊళ్ళోకి వచ్చింది. అందరూ బడి మిద్దె మీదికి పరిగెత్తారు. చేతికి అందింది తీసుకోవడానికి దొరికిన ఆ కాస్త సమయంలో వీళ్ళిద్దరూ మగ్గం మీది పడుగును, అంటే నిలువుగా కట్టిన పట్టుదారాలను, కోసి చుట్టి నెత్తిన పెట్టుకున్నారు. ఇంకొకరు నమ్మి ఇచ్చిన పట్టు తడవకూడదు అన్నదొక్కటే వాళ్ళకు తోచింది. మరుసటి రోజు మధ్యాహ్నం దాకా మిద్దె మీదే ఉన్నారు.

"సుట్టూ నీళ్ళే మే," అనేది పెద్దమ్మ. "తాగనీకి గుక్కెడు లేవు. పట్టు మాత్రం బాగా పొడిగా ఉండె. దాన్ని పిండితే ఏమొస్తాది?"

ఎవరో ముసలామె చెంబుతో నీళ్ళు తెచ్చుకుంది. అన్నకు రెండు గుక్కలు, వీళ్ళకు చెరొక గుక్క ఇచ్చింది. ఆమె ఏ వీధి మనిషో తర్వాత ఎంత అడిగినా తెలియలేదు.

ఎమ్మిగనూరుకు వచ్చి స్థిరపడ్డాక పెద్దమ్మ ఒక సంచి కట్టింది. మొదట అది దుప్పటి గుడ్డతో కుట్టిన మూట. నా పదో తరగతి అయ్యాక నా బడి బ్యాగు ఇచ్చాను. వీపుకు తగిలించుకుంటే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయని దాన్ని చూసి ఎంత మురిసిపోయిందో! ప్రతి సంవత్సరం మృగశిర కార్తె వచ్చిన వారంలోగా ఆ సంచిని మగ్గం గదిలో చాప మీద బోర్లించి, ఒక్కొక్కటీ తుడిచి, పాడైనవి మార్చి, మళ్ళీ సర్దేది. మా ఊళ్ళలో మృగశిరకు విత్తనాలు చూసుకుంటారు. ఆమె ఈ సంచిని చూసుకునేది.

అందులో నీళ్ళ సీసాలు రెండు, నీళ్ళు తేర్చుకోవడానికి పటిక ముక్క, బొరుగులు, పుట్నాలు, బెల్లం, టార్చిలైటు, విజిల్, తాడు, చిన్న ప్లాస్టిక్ పట్ట, చాకు, కార్డుల జిరాక్సులు, జ్వరం మాత్రలు, ఓఆర్ఎస్ పొట్లాలు. అగ్గిపుల్లల తలలను కొవ్వొత్తి మైనంలో ముంచి డబ్బాలో పెట్టేది. టార్చిలో సెల్లులు ఉంచేది కాదు, కారిపోతాయని విడిగా చుట్టేది. విజిల్ ఎందుకని అడిగితే, "అరిస్తే గొంతు పోతాది. ఊదితే ఊపిరే కదా పోయేది, అది మళ్ళా వస్తాది," అంది. పట్టకు తాడు కట్టడం నాకు నేర్పింది. తెగిన పోగును అతికేటప్పుడు నేతవాళ్ళు వేసే ముడే అది. నా వేళ్ళకు పట్టుబడేదాకా వదల్లేదు.

వీధిలో ఎగతాళి ఉండేది. ట్యాంకరు కోసం బిందెలు వరుసలో పెట్టుకుని కూర్చున్నవాళ్ళు కిటికీలోంచి చూసి, "ఏమక్కా, ఊరిడిసి పోతాండావా? ఈడ తాగనే నీళ్ళు లేకపాయ, నీకు వరద యాడ నుంచి వస్తాది?" అనేవాళ్ళు.

"వచ్చినపుడు నా సంచి కోసమే వస్తారులే," అనేది ఆమె. "రాండి, రెండో సీసా మీకే."

రెండో సీసా నిజంగానే వేరేవాళ్ళకు. బరువు తగ్గుతుంది, తీసేద్దామని ఒకసారి అన్నాను. "మనకు మాత్రమే సరిపోయే సంచి నాకొద్దు మే," అంది. ఆ మాట అన్నప్పుడు ఆమె నా వైపు చూడలేదు. సీసా మూత బిగిస్తూ ఉంది.

ఆమెకు చదువు రాదు. మాత్రల మీద, పొట్లాల మీద తేదీలు చదవడం నా పని. "దీనికి ఆయుస్సు ఎంతుందో సూడు మే," అని ఒక్కొక్కటి అందించేది. ఎక్స్‌పైరీ డేటు అన్న మాటకు ఆమె పెట్టుకున్న పేరు అది. నేను నోటుపుస్తకంలో మాటలు ఏరుకుని రాసుకోవడం మొదలుపెట్టింది అక్కడే, ఆ చాప మీద కూర్చునే. అన్న కూడా చదువుకున్నవాడే. అయినా నేను రాకుండా సంచి సర్దేది కాదు. "వాడు సూడకుండానే బాగుందంటాడు. నువ్వు ప్రతి అక్షరం సదువుతావు," అనేది. నన్ను అంతగా నమ్మిన మనిషి మరొకరు లేరు.

ఆ రోజు ఇంటికి చేరాక జనం మధ్యలోంచి మగ్గం గదిలోకి చూశాను. చాప మీద అన్నీ పరచి ఉన్నాయి. సంచి ఖాళీగా, నోరు తెరుచుకుని గోడకు ఆని ఉంది. ఆమె రమ్మన్న ఆదివారం నేను రాలేదు కదా, అలాగే ఉంచి ఎదురుచూసింది. సంచి కట్టిన నాటి నుంచి ఆ కార్తెలో అది అన్ని రోజులు ఖాళీగా ఉండటం అదే మొదటిసారట. ఆ మాట పెద్దనాయన చెప్పాడు. నన్ను తప్పుపట్టడానికి కాదు. ఊరికే చెప్పాడు. అందుకే ఇంకా తగిలింది.

పదకొండో రోజు దాకా మగ్గం ఆడలేదు, ఆ గదిలోకి ఎవరూ పోలేదు. కార్యం అయ్యాక అన్న, పెద్దమ్మ చీరలతోపాటు చాప మీది సామాను కూడా ఎవరికైనా ఇచ్చేద్దామని వంగాడు.

"ముట్టుకోవద్దన్నా," అన్నాను. "నేను సర్దుతా."

"ఎవరికి పాపా? యాడికి పోనీకి?"

పెద్దనాయన వచ్చి చాప పక్కన కూర్చున్నాడు. ఇన్నేళ్ళూ ఆ సంచిని చూసి నవ్వినవాళ్ళలో ఆయనే ముందు. "తాడు అడుగున పెట్టు," అన్నాడు. "దాని మీద పట్ట. విజిల్ బయటి జేబులో, కుడివైపు." మగ్గం గుంటలో కూర్చుని, తల ఎత్తకుండా, అంతా చూసేవాడన్నమాట. ఒక్కొక్కటీ అందించాడు. నేను ప్రతి అక్షరం చదివాను. పొట్లాలకు గడువు దాటింది, పక్కన పెట్టాను. మాత్రలకు ఇంకా రెండేళ్ళ గడువు ఉంది. పైకే చదివాను. ఆయన తల ఊపాడు. అన్న సీసాలు రెండూ తీసుకుపోయి కడిగి, నింపి తెచ్చాడు.

జిప్పు వేసి, సంచిని తలుపు వెనక మేకుకు తగిలించి వెనక్కి తిరిగాను. పదకొండు రోజుల మృగశిర గాలి దుమ్ము, పక్క మగ్గాల నుంచి ఎగిరివచ్చిన నూలు నలకలు చాప నిండా పరుచుకుని ఉన్నాయి. వస్తువులు ఉన్నచోట మాత్రం చాప శుభ్రంగా ఉంది. రెండు సీసాల గుండ్రాలు, టార్చి పొడవు, తాడు చుట్టలు, ఆమె తుడిచి ఎక్కడ పెట్టినవి అక్కడే. పెద్దనాయన చీపురు పట్టుకుని గడప దగ్గరికి వచ్చాడు. చాప వైపు చూస్తూ అలాగే నిలబడిపోయాడు.