గోడకు తాటిచెట్టు, చెట్టుకు నాన్న

తప్పు నాదే, ముందే ఒప్పుకుంటాను. తాత చెట్లు గీశాడు, నాన్న చెట్లు గీశాడు, నేను బళ్లో పిల్లల నోటు పుస్తకాల్లో మార్జిన్లు గీశాను. కల్లు గీసే ఇంట పుట్టి తాటిచెట్టు ఎక్కడం రాని మొనగాణ్ణి.

కోరుట్లలో ఇల్లు కట్టినప్పుడు, అందరూ ముందుగోడ మీద లక్ష్మీదేవిని పెట్టించుకుంటుంటే, నేను నాన్నను పెట్టించాలనుకున్నాను. తాటిచెట్టు ఎక్కుతున్న సిమెంటు నాన్న. నాన్న పోయాక సిరిసిల్లలో అక్క దగ్గరుంటున్న అమ్మ గృహప్రవేశానికి వస్తుంది. వచ్చీరాగానే ఆయన్ను గుర్తుపట్టాలి. అదొక్కటే నా కోరిక.

జగిత్యాల నుంచి వచ్చిన బొమ్మల మేస్త్రి గోడకు ఇనుప చువ్వలు దిగేసి, జాలీ కట్టాడు.

"మూరెడు బయటికి తీస్త సార్, మనిషి గోడల నుంచి అచ్చినట్టే ఉంటడు. మొఖం ఎటు?"

"రోడ్డుకే! మొఖం లేకుంటె మా అవ్వ ఎట్ల గుర్తువడ్తది?"

బొమ్మ అయింది. మీసంతో సహా నాన్నే. ఎదురింటి నుంచి నాన్న తమ్ముడు, మా కాక, వచ్చి చూశాడు. ఆయన కాళ్లు అరిగేదాకా చెట్లెక్కిన మనిషి.

"ఏందిరా గిది? చెట్టుకు వీపు వెట్టి ఎవడన్న ఎక్కుతడారా? మా అన్న కల్లు గీసిండా, వీపు గోక్కున్నడా?"

సాయంత్రానికి వాడంతా వచ్చి నవ్విపోయింది. కాకే పిలుచుకొచ్చి మరీ చూపించాడు.

మేస్త్రి మొహం మాడ్చుకుని బొమ్మను పగలగొట్టి మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి ముఖం చెట్టుకు, వీపు రోడ్డుకు. నడుముకు మోకు, వెనక్కి వాలిన ఒళ్లు. కుడి భుజం కాస్త కిందికి దించమని నేనే చెప్పాను. చిన్నప్పుడు సైకిల్ వెనక కూర్చుని చూసిన వీపు కదా.

అమ్మ ఆటో దిగి తలెత్తింది. కదల్లేదు.

"పొద్దుగాల గిట్లనే వోతుండె మీ బాపు," అంది. "మొఖం ఎన్నడు సూడనిచ్చిండు? ఎప్పుడు గా వీపే." కొంగుతో కళ్లొత్తుకుని, "ఇంత సన్నగ జేసిండ్రేందిరా, తిండి వెట్టలేదనుకోరా నన్ను?" అని మేస్త్రిని దులిపింది.

ఒక్క సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. నడుము కింది భాగాన్ని ఇంకో జానెడు బయటికి తియ్యమని మేస్త్రి చెవిలో ఊదింది నేనే.

మర్నాడు కాక తన అరుగు మీద చాయ్‌తో కూర్చుని కేకేశాడు.

"ఏమిరా, పొద్దుగాల లేస్తె అన్న గోచే మొఖమ్మీదికి అచ్చె!"

"చెట్టెక్కెటోడు గట్లనే ఉంటడని నువ్వే అంటివి గదా కాకా."

ఇప్పుడు కాక చాయ్ పెరట్లో తాగుతున్నాడు.