బాయిలరుకూ ఒక లైసెన్సు

ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే ఆ కంపెనీలో కంప్యూటర్లు చూసుకునే ఆవిణ్ణి అందరూ సర్వరమ్మ అంటారు. మనిషి బంగారమే గానీ, కొత్త మెయిల్ పెట్టెలు తెరవడమంటే మహా సరదా. మనుషులకు తెరిచింది సరే, ఇస్త్రీ యంత్రానికీ లిఫ్టుకీ బాయిలరుకీ కూడా తెరిచింది. ఏది మొరాయిస్తే దానికే ఫిర్యాదు రాయాలి. అవన్నీ తనే చదివి మెకానిక్కును పంపేది.

బాయిలరు పెట్టె మాత్రం గుట్టుగా తన బాబాయికి అప్పగించింది. తల నెరిసేదాకా ఆ బాయిలరు దగ్గరే పనిచేసి రిటైరైన మనిషాయన. ఇంట్లో ఏమీ తోచక, వంటింట్లో దూరి పిన్నిని సతాయించేవాడు. ఈ పని దొరికాక పొద్దున్నే కళ్లజోడు తుడుచుకుని జవాబులు రాయడానికి కూర్చుంటున్నాడు. బాయిలరే రాస్తోందని కంపెనీలో నవ్వుకునేవారు తప్ప, ఎవరూ ఆరా తీయలేదు.

ఇంతలో మెయిల్ సర్వరుకున్న యాంటీవైరస్ గడువు ముగిసింది. కొత్తది కొనాలంటే పెట్టెకో లైసెన్సు కావాలనుకున్నాడు మేనేజరు.

"లిఫ్టుకేమైనా జలుబు చేస్తుందా? మనుషులవి కాని పెట్టెలన్నీ తీసిపారెయ్యమ్మా!"

లిఫ్టు సంగతి సరే, బాబాయి ఏమైపోతాడు? సర్వరమ్మ లైసెన్సులమ్మే అమ్మాయికి ఫోన్ చేసింది.

"పెట్టెలెన్నున్నా మాకు పట్టదండీ. చదివే మనిషికి ఒకటి. మీరొక్కరే అన్నీ చదివితే మీకొక్కటే చాలు."

"బాయిలరుది ఇంకొకాయన చదువుతారు."

"అయితే ఆయన పేరు మీద ఒకటి తీసుకోవాలి."

అదీ తనే చదువుతున్నానంటే గొడవే లేదు. కానీ అబద్ధమాడబోతే నాలుక తడబడే రకం ఆవిడ. వెళ్లి మేనేజరుకు ఉన్నదున్నట్టు చెప్పేసింది. పెట్టె పోయినట్టే అనుకుంది.

మేనేజరు నోరు తెరిచాడు. "మొన్న ఆవిరి చాలక నేను బాయిలరుని నానా తిట్లూ తిడితే, 'కోప్పడకు నాయనా, కింది వాల్వు తిప్పించు, ముందు నువ్వేమైనా తిను' అని రాసింది మీ బాబాయా?"

"ఆయనేనండీ."

"ఆ రోజు తిన్నావా అని నన్నింకెవరూ అడగలేదమ్మా."

అప్పటికప్పుడే ఫోన్ అందుకున్నాడు. "బాబాయిగారూ, మీ పేరు మీద లైసెన్సు తీసుకుంటున్నాం. పూర్తి పేరు చెప్పండి."

అవతల పిన్ని గొంతు వినిపించింది.

"ఆయన కళ్లు తుడుచుకుంటున్నారు బాబూ, మాట రావడం లేదు. పేరు నేను చెబుతాను, రాసుకోండి."