పెరట్లో నిలబెట్టిన తెరచాప కొయ్య

డెబ్బైల చివర్లో మా అన్న నంద్యాల ఇంటి పెరట్లో పడవ కట్టడం మొదలుపెడితే ఎవరూ పట్టించుకోలేదు. మా చెరువులో చేపలు పట్టేవాళ్లకు తెప్పే చాలు. అన్న మాత్రం ఆళ్లగడ్డ కలప అడితి నుంచి పలకలు తెచ్చి, మేకులు కొట్టి, సందుల్లో తారు పోశాడు. సండే స్కూల్లో శిష్యుల పడవ బొమ్మ చూసినప్పటి నుంచి తెరచాప ఎత్తి చెరువు దాటాలని ఆయన కోరిక. పడవ అయింది. తెరచాప కొయ్య నిలబెట్టకముందే కామెర్లు వచ్చి అన్న పోయాడు.

సమాధి చేసిన కొన్నాళ్లకు నాయన ఆ మిగిలిన పని ఎత్తుకున్నాడు. నాయన శిరివెళ్ల బడిలో పంతులు, మా చర్చి సంఘంలో పెద్ద. ఉలి పట్టిన మనిషి కాదు. నల్లమల వెదురు బొంగు తెచ్చి, కణుపులు చెక్కి, నూనె పట్టించాడు. పైకొసకు కాస్త కిందగా, చాప ఎత్తే తాడు దూరడానికి, ఎర్రగా కాల్చిన చువ్వతో బొక్క పొడిచాడు. పడవ అడుగున గుంత తొలిచిన చింత మొద్దు బిగించాడు, కొయ్య మొదలు అందులో కూర్చునేలా. “అడుగు కదలకూడదు పాపా. అడుగు కదిలితే పైన ఎన్ని తాళ్లు కట్టినా దండగ” అన్నాడు నాతో. ఆ తర్వాతి ఆదివారం ప్రసంగంలోనూ అదే చెప్పాడు.

చెరువు ఎండి ఉంది. అందుకని పడవను ఇటుకల మీద ఎక్కించి, పెరట్లోనే కొయ్య నిలబెట్టి, మూడు వైపులా తాళ్లు లాగి కట్టాం. చాప వేలాడే అడ్డకర్ర కూడా కట్టాక అది అచ్చం శిలువ. సంఘంలోని ఒక అవ్వ గోడ మీదుగా చూసింది.

“ఏమప్పా పెద్దమనిషీ, మమ్మల్ని దేనికీ మొక్కొద్దంటివి. నువ్వు శిలువ నాటుకుంటివే?”

“శిలువ కాదవ్వా, పడవ కొయ్య.”

“మరి నీళ్లు యాడుండాయి?”

నాయన నవ్వాడు. అన్న పోయాక అదే మొదటి నవ్వు.

ఆషాఢ గాలి మొదలయ్యాక కొయ్య పలకసాగింది. గాలి ఆ బొక్కలో దూరి బొంగు లోపల తిరిగేది. జబ్బులో గొంతు పోయిన మనిషి ఏదో చెప్పబోతున్నట్టు ఉండేది ఆ మోత. పొద్దున కుటుంబ ప్రార్థన అయ్యాక అమ్మ పోయి పడవ అంచున కూర్చుని, చెంప కొయ్యకు ఆనించి వినేది. కొన్నాళ్లకు బదులు చెప్పడం మొదలుపెట్టింది. బర్రె ఈనిందని, ఫలానా పిల్లకు పెళ్లి కుదిరిందని, మామూలు కబుర్లే.

“ఎవరితో మాట్లాడతాండావ్ మే?” నాయన అడిగాడు.

“నీకు తెలీదా?”

“అది గాలి. ఆ బొక్క పొడిచింది నేనే.”

“నువ్వు పొడిచింది బొక్కనే. పలికేది నువ్వా?”

నాయనకు కోపం కన్నా భయం ఎక్కువైంది. చచ్చినవాళ్లతో మాట్లాడబోవడం దేవునికి అసహ్యమని ఊరందరికీ బోధించిన మనిషి. “కొడుకును మట్టికిచ్చినా. నిన్ను దేనికీ ఇయ్యను. ఇట్లాంటి మనసుతో ప్రభు బల్లకు యట్లొస్తావు?” అన్నాడు. ఆ నెల చర్చిలో బల్ల దగ్గర ఇచ్చే రొట్టె, రసం అమ్మ తీసుకోలేదు.

“చెరువు నిండనీ, దీన్ని నీళ్ల మీద నడిపిస్తా. ఇది ఉత్త పడవ సామానో కాదో నువ్వే చూద్దువు” అన్నాడు నాయన.

వానలు పడ్డాక ఎద్దులబండి మీద పడవను గట్టుకు చేర్చాం. అక్కడ వల ఆరేసుకుంటున్న మనిషి నాయనను ఎగాదిగా చూశాడు.

“అయివారూ, ఈత వస్తాదా?”

“రాదు.”

“అయితే మీ దేవున్ని గట్టిగా పట్టుకో.”

కొయ్య మొద్దులో సరిగ్గా దిగింది. అన్న పంచెలు కలిపి కుట్టిన చాప ఎత్తి, నాయన ఒక్కడే ఎక్కాడు. గాలికి చాప నిండింది. పడవ ఒక పక్కకు ఒరిగి, సర్దుకుని, నడిమికి పోయింది. అక్కడ గాలి పెరిగింది. కొయ్య పలకడం గట్టు మీద అమ్మకూ నాకూ వినిపించింది. నాయన చాప తాడు వదిలేశాడు. తెడ్డు కూడా పట్టలేదు. కొయ్యకు తల ఆనించి కూర్చున్నాడు. పడవ దానంతట అదే మెల్లగా తిరుగుతూ ఉంది. అమ్మ కేక వేయలేదు.

చాలాసేపటికి తెడ్డు వేసుకుంటూ వచ్చాడు.

“గాలేనా?” అమ్మ అడిగింది. ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు.

నాయన తాళ్లు విప్పాడు. పడవనూ కొయ్యనూ ఆ వల మనిషికే ఇచ్చేశాడు.

ఆయన ఏం విన్నాడో నాకు తెలియదు. అది గాలేనని నా విశ్వాసం. గట్టు మీద నిలబడి నేనూ విన్నాను కాబట్టే విశ్వాసం అంటున్నాను.

మళ్లీ బల్ల ఆదివారం వచ్చింది. అమ్మ ముసుగు సర్దుకుని ముందుకు పోయి మోకరించింది. పెద్దగా పాదిరిగారి పక్కన రసం గిన్నె పట్టుకోవలసిన నాయన, మా వరుసలోనే కూర్చున్నాడు. పాదిరిగారు ఆగి ఇటు చూశారు.

“పోదాం రా నాయనా” అన్నాను.

“నువ్వు పో పాపా” అన్నాడు.