మిద్దె మీద మంద

కాలేజీకి పోయే ఆ రోజుల్లో, మొక్కల గురించి ఫోన్లో నాలుగు వీడియోలు చూసి, లోకంలో నాకు తెలియని సంగతి లేదనుకునేవాణ్ణి. (ఆ నమ్మకం ఎక్కడ పోగొట్టుకున్నానో, ఇప్పుడు దొరికితే బాగుండు.) మార్కాపురంలో మేము అద్దెకున్న ఇంటి మిద్దె మీద, పెయింటు బకెట్లో అవ్వ ఒక వంగమొక్క పెంచేది. వెలిగండ్ల దగ్గరి పల్లె నుంచి మా ఇంటికి వచ్చినప్పుడు కొంగుముడిలో తెచ్చుకున్న విత్తనం అది. వాళ్లమ్మ ఇచ్చిన రకం. సరిగ్గా పూత మీద ఉండగా దానికి ఎండు తెగులు తగిలింది. పొద్దున నిటారుగా ఉన్న మొక్క సాయంత్రానికి తల వాల్చేసింది. అవ్వ ఆ పూట అన్నం ముట్టలేదు. ముడిలో ఇంక చిటికెడు గింజలే మిగిలాయి.

"ఇయ్యి గూడా పోతే మా అమ్మ వంకాయ ఇంక లేనట్టే రా," అంది.

తెగులు మట్టిని దూరంగా పారబోయాలి, బకెట్టు కడిగి ఎండబెట్టాలి అని నేను ఉపన్యాసం మొదలుపెట్టేసరికే అవ్వ ఆ రెండు పనులూ చేసేసింది. నాయన స్కూటరు మీద సంచిలో కొత్త ఎర్రమట్టి తెచ్చి మిద్దె మీద పరిచాడు. ఇక దాని మీద మంద కట్టాలంది అవ్వ. మా వైపు పైరు పెట్టేముందు చేలో గొర్రెల మందను నిలిపి, వాటి ఎరువంతా నేలకు పట్టిస్తారు. అది చేనుకు గానీ చాటెడు మట్టికి కాదని నాయన నవ్వాడు. ఎరువే ఒక సంచి తెస్తే సరిపోదా అని నేనడిగాను.

"ఎరువు సంచిలో వస్తాది. మంద వస్తాదా?" అంది అవ్వ.

ఈ ప్రశ్నకు ఏ వీడియోలోనూ జవాబు లేదు. మరునాడు గొర్రెలు కాసే మామ ఒకాయన (వరస కలిపింది అవ్వే) తన మందలోంచి ఓ నాలుగింటిని తోలుకొచ్చాడు. మెట్లెక్కడం వాటికి సరదాగానే ఉన్నట్టుంది. మధ్యాహ్నమంతా మట్టి మీద నిలబడి తమ పని తాము బుద్ధిగా చేశాయి. సందు చూసుకుని, కింద ఉండే ఇంటి ఓనరమ్మ (ఉర్దూలో పిన్నిని పిలిచినట్టు ఖాలా అనేవాళ్లం) మిద్దె మీదే పెంచుకునే పుదీనా కుండీని కూడా నున్నగా చేశాయి. దిగమన్నప్పుడే వచ్చింది తంటా. మెట్ల అంచున నిలబడి కిందికి చూస్తాయే గానీ ఒక్కటీ కదలదు. చివరికి మామ ఒకదాన్ని, నేనొకదాన్ని భుజాన వేసుకుని దిగుతుంటే, కింద ఖాలా నడుము మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది. ఇల్లు ఖాళీ చెయ్యమంటుందనే అనుకున్నాను.

ఆమె గొర్రెల్నీ, మా వెనకే దిగిన అవ్వనూ మార్చి మార్చి చూసింది. "పెద్దమ్మా, ఆ మట్టి రెండు దోసిళ్లు నా పుదీనాకు గూడా ఇయ్యి," అంది.

అవ్వ ఆ మట్టిని తడుపుతూ, తిరగేస్తూ, అందులోని పచ్చి ఎరువు వేడి చల్లారిందని నమ్మకం కుదిరాకే గింజలు వేసింది. ఒక పొద్దున ఆమె పిలిస్తే పోయి చూశాను. నెత్తిన మట్టిబెడ్డను మోసుకుంటూ, మెడ వంచుకుని ఒక మొలక లేస్తోంది. నేను పుట్టకముందే పోయిన ముసలమ్మ వంకాయ నా కళ్లముందే మళ్లీ పుడుతోంది. అవ్వ ఆ మొలకకు కొంగుతో నీడ పట్టి అక్కడే కూర్చుంది.

ఇప్పుడు ఒంగోల్లో నాలుగో అంతస్తులో ఉంటున్నాను. అవ్వ పోయింది, ఆమె వంగ మాత్రం నా బాల్కనీలో కాస్తోంది. ఈమధ్య ఒక మొక్క తెగులుతో వాడిపోతే, బకెట్టు కడిగి, మట్టి మార్చి, దాచుకున్న గింజలు మళ్లీ వేశాను. పెద్దవాణ్ణయ్యాను గదా, ఎరువు సంచిలోనే తెప్పించుకున్నాను. అయినా లిఫ్టు ఎక్కినప్పుడల్లా ఒకసారి చుట్టూ చూసుకుంటాను, ఇందులో గొర్రెలు ఎన్ని పడతాయా అని. దీన్లోనయితే దిగేటప్పుడు పేచీ కూడా పెట్టవు.