తెర మీది తెలుపు

"...కండ్లు పోతే పోయినాయని ఒప్పుకోన్నా, దాంట్లో సిగ్గేముండాది? మూడు తూర్లు! హిందూపురం అంగడోళ్లు వంగపండు రంగు అడిగితే మూడు తూర్లూ ఎర్రగా మురిగిన టమాటా మాదిరి చేసిస్తివి. వాళ్లు తిప్పి పంపిచ్చిరి."

"నువ్వు తెర మీద చూపిచ్చిందే అద్దినా. ఆరినాక ఆ పట్టు అదే తెర పక్కన పెట్టి, సరిపోయిందని నువ్వే అంటివి కదప్పా?"

"నీ మీద నమ్మకంతో అన్న్యా."

హేమావతి సంచి పట్టుకుని గుమ్మం దగ్గరే ఆగింది. ధర్మవరంలో మానిటర్లు బాగుచేసే మనిషి ఆమె. చీరల సావుకారు చంద్రమోహన్ ఆఫీసులో తెర ఉన్నట్టుండి నల్లబడుతోందని ఫోను చేస్తే వచ్చింది. కుర్చీలో కూర్చుని అరుస్తున్నది చంద్రమోహన్. నిలబడి జవాబు చెబుతున్నది వెంకటస్వామి. పట్టుకు రంగులు అద్దడం ముప్పై ఎనిమిదేళ్లుగా ఆయన పని. పోయిన వారం పెనుకొండలో కంటి శిబిరానికి వెళ్లి, చూపు బాగుందని డాక్టరు రాసిచ్చిన చీటీ జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు. దాన్ని చదివేవాళ్లే లేరు. ఆయనకు కండ్లు పోయాయని చంద్రమోహన్ వీధంతా చెప్పాడు. అది విని ఇద్దరు సావుకార్లు పట్టు పంపడం మానేశారు. ఆయన రంగు బానల్లో రెండు ఖాళీగా ఉన్నాయి.

హేమావతిది కొత్తచెరువు. హిందూపురంలో ఒక సర్వీసు సెంటర్లో ఆరేళ్లు పనిచేసింది. అక్కడ ఏ మానిటరు వచ్చినా ముందు వెనక మూత విప్పేవాళ్లు, తర్వాత బోర్డు పోయిందనేవాళ్లు. వయరు సరిగా దూర్చక తెర వెలగని మానిటరుకు ఒకరోజు కొత్త బోర్డు వేసినట్టు బిల్లు రాయమన్నారు. ఆమె రాయలేదు. ఆ సాయంత్రమే పనిముట్ల సంచితో బయటికొచ్చి, ధర్మవరంలో సొంతంగా మొదలుపెట్టింది. అప్పటినుంచీ మూత విప్పడం ఆమెకు ఆఖరి పని. మొదట ప్లగ్గు చూస్తుంది. తర్వాత వయరు రెండు కొసలూ, ఆ తర్వాత మానిటరు సొంత బటన్లు. ఇక్కడా ప్లగ్గు దగ్గరే మొదలుపెట్టింది.

"ఇంకా విప్పలేదేమ్మా? నీకు విప్పేది వస్తాదా?" అన్నాడు చంద్రమోహన్.

"అవసరమైతే విప్పుతా సార్."

సీపీయూ వెనక వయరు సగమే దూరి ఉంది. మరలు బిగించనే లేదు. ఆమె వయరు నొక్కి, మరలు బిగించి, బల్లను రెండుసార్లు కదిపింది. తెర నల్లబడలేదు. ఎక్కడైనా మచ్చలున్నాయేమో చూడడానికి తెర నిండా ఒక తెల్ల పేజీ తెరిచింది.

"అది తెలుపు కాదు పాపా," అన్నాడు వెంకటస్వామి వెనకనుంచి.

చంద్రమోహన్ నవ్వాడు. "చూస్తివా? తెలుపు కూడా కనపడకుండా పోయె ఈయనకు!"

హేమావతి నవ్వలేదు. "పెద్దనాయనా, నీ దగ్గర తెల్ల పట్టు ఉండాదా?"

రంగుకు సిద్ధంగా ఉడికించిన పట్టు దారాల చిలప ఒకటి, చుట్టిన కట్టలా, ఆయన సంచిలో ఉంది. ఆమె దాన్ని తెరకు ఆనించి పట్టుకుంది. పట్టు పాలలా ఉంది. దాని పక్కన తెర, పసుపు నీళ్లలో జాడించిన పాత పంచెలా ఉంది. ఇన్నాళ్లూ అందరూ అలవాటుపడి దాన్నే తెలుపనుకున్నారు.

ఆమె తన సంచిలోని కొత్త వయరు పెట్టి చూసింది. పసుపు పోలేదు. మానిటరు కింది బటన్లు నొక్కింది. కండ్లకు శ్రమ లేకుండా తెరలో నీలం తగ్గించే అమరిక ఒకటి చివరిదాకా పెంచి ఉంది.

"ఇది ఎవరు పెట్టినారు సార్?"

"ఎండాకాలంలో కండ్లు మండుతాంటే నేనే పెట్టుకున్న్యా. దానికేమిప్పుడు?"

ఆమె దాన్ని తీసేసింది. ఏ ఫోటో చూసి అద్దావని వెంకటస్వామిని అడిగి, హిందూపురం అంగడివాళ్లు మెయిల్లో పంపిన ఆ చీర ఫోటో తెరిచింది. ఇప్పుడది అచ్చం వంగపండు రంగులో ఉంది. నీలం పోయిన ఇదే ఫోటోను నెలలుగా ఎర్రగా చూపించారు, ఎర్రగా అద్దించుకున్నారు, ఆఖరికి ఎర్రగా అద్దావని తిట్టారు. కండ్లు మండింది ఒకరికి, కండ్లు పోయిన పేరు ఇంకొకరికి.

"సరే, బాగైంది కదా," అన్నాడు చంద్రమోహన్, ఫోటో వైపు చూడకుండా. "వయరు లూజని చీటీ రాసిచ్చి పోమ్మా. మిగతా సంగతి ఎందుకు?"

"వయరు మార్చినా రంగు మారలేదు సార్, మీ ముందరే కదా. అదీ రాస్తా, ఇదీ రాస్తా."

"నువ్వు రిపేరుకొచ్చినావా, పంచాయితీకొచ్చినావా?"

"రిపేరుకే. ఏం చెడిందో రాయకపోతే అదేం రిపేరు?" తెర రంగు ఎందుకు మారిందో, ఎవరు మార్చారో, ఎప్పటినుంచో, అన్నీ రాసి కింద సంతకం పెట్టింది.

వెంకటస్వామి చెయ్యి చాపి ఆ చీటీ తీసుకున్నాడు. డాక్టరు చీటీతో కలిపి మడిచి జేబులో పెట్టుకున్నాడు. తన పట్టు చిలప సంచిలో వేసుకున్నాడు.

"అది కాదన్నా, ఈ తూరి పట్టు రేపే పంపిస్తా, కొత్తగా..." అంటూ చంద్రమోహన్ లేచాడు.

"నా కండ్లు పోయినాయని ఏ ఏ ఇంట్లో చెప్పినావో, ఆ ఇండ్లకంతా నువ్వే నన్ను పిల్చుకోని పోవాల. పోయి, నీ నోటితోనే చెప్పాల. అంతవరకు నీ పట్టు నా బానలో పడదప్పా."