కాలువగట్టు మీద వేడినీళ్ల సీసా

ఎత్తులు చూసే లెవెల్ యంత్రం ఒకటి, దాని ముక్కాలి స్టాండు, కొలత గీతలున్న నాలుగు మీటర్ల స్టాఫ్ కర్ర, నల్ల గొడుగు, రీడింగులు రాసే పుస్తకం. నలుగురు మగపిల్లలం, ఒక ఆడపిల్ల. మండపేట దగ్గర పాలిటెక్నిక్ సర్వే క్యాంపులో మా బ్యాచ్ అంతే.

కాలువ నీళ్లు ఆపే లాకు దగ్గరి రాయి నుంచి గట్టు వెంట ఎత్తులు కొలుచుకుంటూ పోయి, మళ్లీ అదే రాయి దగ్గర ముగించాలి. ఆ రాయికి మొదట రాసిన ఎత్తుకీ చివర వచ్చిన ఎత్తుకీ పాతిక మిల్లీమీటర్లకు మించి తేడా వస్తే మర్నాడు మొత్తం మళ్లీ చెయ్యాలని మాస్టారు పొద్దున్నే చెప్పారు.

"ఇవాళ పుస్తకం నేను రాస్తానండి, కూర్చుని," అంది ఆ అమ్మాయి.

"ఆ లెక్కల తలనొప్పి మీకెందుకండీ? స్టాఫ్ పట్టుకుని నించోండి చాలు," అన్నాడు లెవెల్‌లో చూసేవాడు. తేలికపని ఇచ్చామనుకున్నాం. పుస్తకం, గొడుగు నా దగ్గరే ఉండిపోయాయి.

స్టాఫ్ ఏమాత్రం వాలినా రీడింగు పెరిగిపోతుంది. ఆమె ఒక చేత్తో దాన్ని పట్టుకుని, రెండో చేత్తో ఒక సీసాను పొత్తికడుపుకు అదిమి పెట్టుకుంది. అందులో దారిలోని టీకొట్టులో వేడినీళ్లు పోయించుకుంది.

"ఈ ఎండలో వేడినీళ్లేంటండీ? కాస్త టీపొడి కూడా వేయించుకోవాల్సింది," అన్నాడు ఇంకొకడు. ఆమె నవ్వీ నవ్వనట్టు నవ్వి, స్టాఫ్ సర్దుకుంది.

స్టాఫ్ చోటు మార్చేటప్పుడు సీసా గట్టు మీద పెట్టింది. పాపం ఆమె ఎండలో నించుందని, నేను ఆ నీళ్లు పారబోసి, బోరింగు దగ్గర చల్లటివి పట్టి తెచ్చిచ్చాను. ఆమె సీసా తాకి చూసింది.

"థాంక్సండి," అంది. తర్వాత దాన్ని పక్కన పెట్టేసింది.

అది నెలసరి నొప్పి అని నాకు పెళ్లయ్యాక తెలిసింది. మా ఆవిడ అలాంటి సీసానే అలాగే అదుముకుని ముడుచుకుని పడుకుంది. "చల్లారిపోయాయి, మళ్లీ కాచి పెడతారా?" అని అడిగింది. ఆ మాట అడిగే వీలు గట్టు మీద ఆ అమ్మాయికి లేదు.

మధ్యాహ్నం నుంచి స్టాఫ్ వాలుతూనే ఉంది. నిటారుగా పట్టుకోమని అరుస్తూనే ఉన్నాం. మాస్టారు సైకిలు ఆపి, "ఏమ్మా, ఒంట్లో బాలేదా?" అని అడిగారు.

"బాగానే ఉందండి. ఇవాళ్టితో అయిపోతుంది కదండీ."

సాయంత్రం లాకు దగ్గర కూర్చుని లెక్క కట్టాను. ఆమె మోకాళ్లు కడుపులోకి లాక్కుని పక్కనే నేలమీద కూర్చుంది.

"ఎంతొచ్చిందండీ?"

పుస్తకం మొదటి పేజీకి తిప్పాను. అంకెలన్నీ మళ్లీ కూడి చూశాను. రెండోసారీ తేడా నలభై ఒక్క మిల్లీమీటర్లే.