శారద ఎక్కిన బస్సు

దెయ్యాలూ పూనకాలూ నేను నమ్మను. చెప్పమంటే మాత్రం తెల్లారేదాకా చెబుతాను, అది వేరే సంగతి. ఐర్లండ్‌లో, మేముండే కార్క్ ఊళ్లో మా తెలుగువాళ్ల భోజనాల దగ్గర నేను గొంతు సవరించుకుంటే చాలు, "అంకుల్ కోతలు మొదలెట్టారు, కుర్చీలు లాక్కోండ్రా" అంటారు. అందుకే ఈ ఒక్కటి అక్కడ చెప్పలేదు. దీనికి నేను ఉప్పూ కారం కలపలేదు.

మా సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ప్రతి సోమవారం కొత్త ముఖాలు కనిపిస్తున్న రోజులవి. ఇంట్లో మాత్రం నా భార్య శారద రోజురోజుకీ తగ్గిపోతోంది. ముందు నిద్ర పోయింది, తర్వాత మాట. చివరికి ముద్ద నోట్లో పెట్టినా మింగడం మానేసింది. డిప్రెషన్ మందులేవీ పనిచేయలేదు.

ఆసుపత్రిలో కరెంటు వైద్యం చేద్దామన్నారు. మత్తిచ్చి, తలకు కొద్దిపాటి కరెంటు పెట్టి, కాసేపు మూర్ఛ తెప్పిస్తారు. "దాంతో మెదడులో మార్పులొస్తాయి. అవి ఎలా పనిచేస్తాయో మాకూ పూర్తిగా తెలియదు" అంది డాక్టరమ్మ. కొన్ని జ్ఞాపకాలు పోవచ్చనీ చెప్పింది. పోయేవాటిలో నేనూ ఉంటానేమోనని నా బెంగ.

రెండుసార్లు చేశారు, మార్పు లేదు. మూడోసారి బయట కుర్చీలో కూర్చుని మనసులోనే ఒక కథ మొదలెట్టాను. భయమేస్తే కథలల్లుకోవడం నా అలవాటు. కిల్లార్నీ ఊరెళ్లే బస్సు ఒక గొర్రె ఎక్కింది. డ్రైవరుకి పాస్ చూపించింది. కిటికీ పక్క సీటు కోసం ఒక ముసలాయనతో గొడవ పడింది. అంతవరకూ వచ్చేసరికి నర్సు తలుపు తీసి, "షీ ఈజ్ గ్రాండ్, కమ్ ఇన్" అంది, బాగానే ఉందని ఇక్కడివాళ్లు అనే తీరులో. అప్పటిదాకా నేను పెదవి కూడా కదపలేదు.

శారద కళ్లు తెరిచింది. ఎన్నో వారాల తర్వాత నన్ను గుర్తుపట్టినట్టు చూసింది.

"ఏమండీ, ఆ గొర్రె ఎక్కడ దిగింది?"

"ఏ గొర్రె?"

"కిటికీ దగ్గర కూర్చుందే, అదీ. తడి బొచ్చు కంపు. పాపం ఆ పెద్దాయన నిలబడే ఉన్నాడు."

కంపు సంగతి నేను అల్లలేదు.

మత్తు దిగేటప్పుడు ఏవేవో మాట్లాడటం మామూలేనంది డాక్టరమ్మ. మా అమ్మాయి నవ్వేసింది: "డాడ్, యు మస్ట్ హావ్ టోల్డ్ హర్. కమాన్!" కానీ ఆ గొర్రె పుట్టిందే ఆ కుర్చీలో, నా తలలో.

ఆ సాయంత్రం శారద పెరుగన్నం తింది. సంతోషంతో పాటు నాకు కొత్త భయం పట్టుకుంది. నా బుర్రలో మెదిలిందల్లా ఆమెకు చేరుతుంటే, నాకొచ్చే పాడు ఆలోచనల మాటేమిటి? తర్వాతిసారి గోడకేసి చూస్తూ, దేన్నీ తలచుకోకుండా బిగుసుకుని కూర్చున్నాను.

ఆరోజు ఆమె లేస్తూనే నా చెయ్యి వెతుక్కుని గట్టిగా పట్టుకుంది.

"ఇవాళ ఏమీ చెప్పలేదేంటండీ? బస్సంతా చీకటి. నేనొక్కదాన్నే ఉన్నాను."

ఆ తర్వాత ప్రతిసారీ ఊపిరి సలపకుండా కథలల్లాను. బస్సు నిండా దీపాలు పెట్టాను, జనాన్ని ఎక్కించాను, ఆమెకు తోడుగా పక్క సీట్లో నేనూ కూర్చున్నాను.

శారద కోలుకుంది. వైద్యం వల్లే అన్నారు, నేనూ కాదనను. మిగతాది ఎలా జరిగిందో మాత్రం ఇప్పటికీ అంతుపట్టదు. ఆ బస్సు ఊసు ఆమె మళ్లీ ఎత్తలేదు. అడిగే ధైర్యం నాకు లేదు.